ఫినా కట్టిన ముడి

ఒనోఫ్రె గోడ మీద తెరలో రెండు గీతలు చూపించాడు. ఒకటి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలది, రెండోది లివర్ చెడగొట్టిన ఎలుకలది. రెండూ చేతులు పట్టుకుని బడికెళ్లే పిల్లల్లా పక్కపక్కనే పోతున్నాయి. వాటి మధ్య వేలెడంతైనా ఎడం ఉండాలి. లివర్ పనిచేయకపోతే ఒంట్లో అమ్మోనియా పేరుకుంటుంది, అది మెదడుకెక్కుతుంది, బుర్ర మొద్దుబారుతుంది. అలాంటి ఎలుకని ఎనిమిది దారుల పెట్టెలో వదిలితే తీపి గుళిక ఏ దారిలో ఉందో ఎన్నాళ్లకీ నేర్చుకోలేక తచ్చాడుతుంది. వలెన్సియాలోని ఆ ప్రయోగశాల ఇరవై ఆరేళ్లుగా ఆ ఒక్క సంగతి పట్టుకునే బతుకుతోంది. ఇప్పుడేమో జబ్బు ఎలుకకీ మంచి ఎలుకకీ ఒకటే తెలివని తేలింది. ఇంక కొత్త మందు ఎవరి మీద పరీక్షిస్తారు, ఏం పరీక్షిస్తారు?

"ముడి జారింది," అన్నాడు ఒనోఫ్రె.

ఆ మాట అన్నది ఎవరినో గదిలో అందరికీ తెలుసు. అందరూ అంటే ముగ్గురే. ప్రయోగశాలకి పెద్ద అయిన ఒనోఫ్రె, పరిశోధక విద్యార్థిని ఇరియా, ఫినా. ఎలుకల పొట్ట కోసి, లివర్ నుంచి పైత్యం దిగే నాళాన్ని సిల్కు దారంతో రెండు చోట్ల కట్టి, మధ్యలో కత్తిరించే పని ఫినాది. ఇరవై ఆరేళ్లుగా ఆమెదే. వెంట్రుక కన్నా కాస్త లావుండే నాళం అది. ముడి మరీ బిగిస్తే నాళం తెగుతుంది, వదులుగా వేస్తే ముడి జారుతుంది. జారితే దారి మళ్లీ తెరుచుకుంటుంది, లివర్ కోలుకుంటుంది, ప్రయోగం గంగలో కలుస్తుంది.

"ఎవరి ముడి?" అంది ఫినా.

"కోప్పడకు. నలభై ఎనిమిదిలో ఇరవై నాలుగింటికి కట్టింది నువ్వే. మిగతా ఇరవై నాలుగింటికి పొట్ట కోసి ఊరికే కుట్టిందీ నువ్వే. ఇంకెవర్నని అడగను?"

"ఒకటి జారిందంటే ఒప్పుకుంటా. రెండు జారాయంటే ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటా. ఇరవై నాలుగూ ఒక్కసారే జారడానికి అవేమన్నా నీ పంట్లామా?"

ఇరియా నవ్వు దాచుకోడానికి కాగితాల్లోకి తల వంచింది. ఒనోఫ్రె మాత్రం నవ్వలేదు. అతను ఇక్కడికి విద్యార్థిగా వచ్చినప్పుడు ఎలుకని కరవకుండా ఎలా పట్టుకోవాలో నేర్పింది ఫినాయే. అందుకే ఆమె మాటలు పడతాడు. పడి, చేయాలనుకున్నది చేస్తాడు.

"నీకు అరవై నాలుగొచ్చాయి ఫినా. పోయిన ఏడు కళ్లజోడు మార్చావు. ఇందులో తప్పేం లేదు, అందరికీ వచ్చేదే. తర్వాతి విడత ఆపరేషన్లు ఆసుపత్రి నుంచి ఒక సర్జన్‌ని పిలిపించి చేయిద్దాం. నువ్వు మేత, మందులు, రికార్డులు చూసుకో."

"మేత చూసుకోవాలా?"

"గౌరవంగానే చెబుతున్నాను."

ఫినాకి అరికాలి మంట నెత్తికెక్కింది. గౌరవంగా చెబుతున్నాడట. పది నెలల్లో ఆమె పదవీ విరమణ. పది నెలలు ఎలుకల మేత తూచుకుంటూ కూర్చుని, చివరి రోజు అందరి చేతా చప్పట్లు కొట్టించుకుని, 'పాపం, చివర్లో చెయ్యి వణికేదట' అనిపించుకుని పోవాలన్నమాట. "అమ్మోనియా లెక్కలు రానీ," అంది. "రక్తం పంపి వారమైంది. అవొచ్చాక మాట్లాడుకుందాం." ముడి జారితే రక్తంలో అమ్మోనియా పెరగదు. అబద్ధం చెప్పని సాక్షి అదొక్కటే.

తిన్నగా కిందికి దిగి ఎలుకల గదికి పోయింది. అక్కడ పాస్కువాల్ ఖాళీ బోన్లు కడుగుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎలుకల్ని సాకుతున్నవాడు. ఏది అడిగినా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు.

"పాస్కువాల్, నిజం చెప్పు. మార్చిలో పరీక్షలు నడిచినప్పుడు ఇక్కడేమన్నా తేడా జరిగిందా?"

"ఏం తేడా?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? కరెంటు పోవడం, మేత మారడం, దీపాలు వేళకి ఆరకపోవడం, ఎవరన్నా కొత్తవాళ్లు లోపలికి రావడం."

పాస్కువాల్ బోను తిరగేసి, నీళ్లు కారనిచ్చి, ఆలోచించి, "ఏం లేదు. అంతా మామూలే. పండగ రోజులు కదా, అంతే," అన్నాడు.

"పండగ సంగతి నేనడిగానా?"

"అడగలేదు. అందుకే నేనూ చెప్పడం లేదు."

"నీతో మాట్లాడటం కన్నా ఆ బోనుతో మాట్లాడటం నయం."

"బోను కూడా మామూలే అంటుంది," అని అతను ఇంకో బోను అందుకున్నాడు.

ఈ మనుషులతో తల ప్రాణం తోకకొస్తోంది అనుకుంటూ ఫినా ఫ్రీజర్ తెరిచి, దాచి ఉంచిన లివర్లు ఒక్కొక్కటే తీసి చూసింది. పసుపు రంగు, ఉబ్బు, గరుకు. ముడి నిలబడినదానికే అలా అవుతుంది. అది ఆమెకి తెలుసు. కానీ తెలుసని అనిపించడం వేరు, ఒనోఫ్రె నోరు మూయించడం వేరు. పైగా అతను ఆమె లోపల ఒక అనుమానపు పురుగుని వదిలిపెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని, అన్నిటికన్నా సన్నని సూది తీసి దారం ఎక్కించింది. మొదటిసారి ఎక్కలేదు. రెండోసారి ఎక్కింది. మళ్లీ తీసి మళ్లీ ఎక్కించింది. పదిసార్లలో ఏడుసార్లు మొదటి ప్రయత్నంలోనే ఎక్కింది. మిగతా మూడింటికీ దీపాన్ని తిట్టింది. ఆ తర్వాత, ఇరవై నాలుగింట్లో ఏడెనిమిది జారి ఉంటే అనే ఆలోచన వచ్చి అన్నం సయించలేదు.

గురువారం పొద్దున ఆసుపత్రి నుంచి లెక్కలు వచ్చాయి. కట్టిన ఇరవై నాలుగింటికి ఇరవై నాలుగింట్లోనూ అమ్మోనియా మూడింతలు, కొన్నింట్లో నాలుగింతలు. కట్టనివాటిలో ఒక్కదాంట్లోనూ ఎక్కువ లేదు. ఫినా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అచ్చు తీసి, తీసుకెళ్లి ఒనోఫ్రె తింటున్న రొట్టె మీద పెట్టింది.

"నా ముళ్లు," అంది.

అతను నూనె అంటకుండా కాగితం ఎత్తి చదివాడు. క్షమించమంటాడేమోనని ఆమె నిలబడింది. నిలబడటం దండగ.

"సరే, ముడి కాదు," అన్నాడు. "అయితే పెట్టె దగ్గరే ఏదో జరిగింది. పెట్టె దగ్గర ఉన్నది ఇరియా. ఎలుకల నంబర్లు తారుమారు చేసిందో, గుళికలు తప్పు దారిలో పెట్టిందో. ఆ అమ్మాయికి వచ్చే నెల ఫెలోషిప్ పొడిగింపు రాయాలి. ఏం రాయాలో నాకు తోచడం లేదు."

ఫినా ఆ అమ్మాయిని వెనకేసుకురాలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ క్షణాన ఆమెకి హాయిగా ఉంది. తన చేతులు తనకి తిరిగొచ్చాయి. ఇంకెవరి చేతుల సంగతీ ఆమెకి పట్టలేదు. కాఫీ తాగుతావా అంటే తాగింది కూడా.

ఆ హాయి మధ్యాహ్నం దాకా నిలిచింది. మధ్యాహ్నం పరీక్షల గదిలోకి వెళ్లేసరికి ఇరియా కాగితాలు నేల మీద పరుచుకుని, వాటి మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది. దేశం అవతలి కొసనున్న గలీషియా నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఎవరేమన్నా తల ఊపే మనిషి. ఆ తల ఊపడం చూస్తే ఫినాకి ఒళ్లు మంట.

"ఒనోఫ్రె నిన్ను అనుమానిస్తున్నాడు, తెలుసా?"

"చెప్పారు."

"నువ్వేమన్నావు?"

"చూసుకుంటానన్నాను."

"నోరు లేదా అమ్మాయ్ నీకు? నువ్వు తప్పు చేశావా?"

"లేదు. అన్నీ మూడేసిసార్లు సరిచూశాను."

"మరి ఆ మాట చెప్పడానికేం?"

ఇరియా కాగితాల మీంచి తలెత్తి, "చెబితే ఎవరు వింటారు ఫినాగారూ? మార్చిలో ఒకసారి చెప్పాను కదా," అంది.

"ఎవరికి చెప్పావు?"

"మీకే."

ఫినాకి గుర్తు లేదు. గుర్తు లేదనే అంది, కాస్త గట్టిగానే. ఇరియా నేల మీది కాగితాల్లోంచి ఒకటి తీసి చేతికిచ్చింది. ప్రతి ఎలుక పేరు మీదా పెట్టెలో ఎన్ని తప్పులు చేసింది, ఎంతసేపు పట్టింది అని రాసి, చివర పెంటికల లెక్క రాస్తారు. ఎలుక భయపడితే పెంటికలు ఎక్కువ వేస్తుంది. ఆ లెక్క రాయడమే తప్ప ఎవరూ చదవరు. ఫినా చదివింది. జబ్బు ఎలుకలు ఒకటి, సున్నా, రెండు. ఆరోగ్యంగా ఉన్నవి ఏడు, తొమ్మిది, ఎనిమిది, పదకొండు.

"తిరగేసి రాశావా?"

"లేదు. పోయినేటి గీత పక్కన పెట్టి చూడండి. జబ్బు ఎలుకలు తెలివి మీరలేదు. ఎప్పుడూ చేసే తప్పులే చేశాయి. ఈసారి మంచివి కిందికి పడిపోయాయి. కంప్యూటరు గీతని తెర నిండేలా సాగదీసి చూపిస్తుంది కాబట్టి మనకి తెలియలేదు. భయంతో కొయ్యబారిపోయిన ఎలుక దారేం నేర్చుకుంటుంది?"

"దేనికి భయం?" అని అడిగి, ఆ మాట నోట్లో ఉండగానే ఫినాకి తెలిసిపోయింది.

ఆ ఊరి పండగకి మార్చి ఒకటి నుంచి పంతొమ్మిది దాకా, రోజూ మధ్యాహ్నం రెండింటికి, టౌన్‌హాల్ ముందు బాణసంచా పేలుస్తారు. పట్టపగలు, వెలుగు కోసం కాదు, మోత కోసం. నేల అదిరి గుండెలో తెలియాలి. తెలియకపోతే ఆ పేల్చినవాడిని ఊరంతా ఏడాదిపాటు తిట్టుకుంటుంది. ప్రయోగశాల అక్కడికి మూడు వీధుల అవతల. మామూలుగా పరీక్షలు శరత్కాలంలో చేస్తారు, పొద్దున పది నుంచి రెండు దాకా. ఈసారి ఎలుకలు ఆలస్యంగా వచ్చాయి, పరీక్షలు మార్చిలో పడ్డాయి. పడితే పడ్డాయని, అందరూ ఒకటిన్నరకి బయల్దేరి చూసి రావడానికి వీలుగా పరీక్షల్ని రెండున్నర తర్వాతకి జరిపేశారు. ఆ ఊళ్లో బ్యాంకులూ బళ్లూ కూడా అలాగే జరుపుకుంటాయి. ఎండ వచ్చిందని ఎవరూ రాసిపెట్టుకోనట్టే దీన్నీ ఎవరూ రాసిపెట్టుకోలేదు. వేళలు మార్చిన కాగితం మీద సంతకం ఫినాది.

"మార్చి నాలుగున మీరు అక్కడినుంచి తిరిగొచ్చారు," అంది ఇరియా. "నేను వెళ్లలేదు, నాకు ఆ మోత పడదు. ఇక్కడే కూర్చున్నాను. బోన్లు వణికాయి. మంచి ఎలుకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలకి దూరి గంటసేపు కదల్లేదు. జబ్బువి మాత్రం ఏం పట్టనట్టు మేత తింటున్నాయి. అది మీకు చెప్పాను."

"నేనేమన్నాను?"

"నవ్వారు. 'అవి మన ఊరి ఎలుకలు, అలవాటు పడతాయి' అన్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎలుకలండీ అందామనుకున్నాను. మీ చేతిలో గుమ్మడికాయ గారెలున్నాయి. నాకూ ఒకటిచ్చారు. ఇంక ఏమీ అనలేదు."

ఫినా గది రికార్డు పుస్తకం తెరిచింది. రోజుకో వరస. వేడి, తేమ, వెలుతురు, శబ్దం. పండగ రోజులన్నిటికీ శబ్దం అన్న చోట 'మామూలు' అని రాసుంది. పంతొమ్మిది సార్లు. తన చేతిరాతే, గుండ్రంగా, ముచ్చటగా. పాస్కువాల్‌ని తిట్టిన తిట్లన్నీ ఆమెకి అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. నలభై ఎనిమిది ప్రాణాలు. ఇరవై నాలుగింటికి నెలరోజులపాటు కళ్లు పచ్చబడి, ఒళ్లు దురదపెట్టింది, చివరికి అన్నీ దేనికీ పనికిరాకుండా పోయాయి. కోసింది తనే, కుట్టింది తనే, పాడుచేసింది కూడా తనే.

"ఇది ఒనోఫ్రెకి ఎందుకు చూపించలేదు?" అని అరిచింది.

"మీ పేరు వస్తుందని."

"నా పేరు వస్తే నీకేం?"

ఈ పిల్లతో వేగడం కష్టం అనుకుంది ఫినా. అనుకుంటూనే కాగితాలన్నీ ఏరుకుంది.

ఒనోఫ్రె మొత్తం విన్నాడు. పెంటికల లెక్క రెండుసార్లు చూశాడు. తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"మళ్లీ మొదటినుంచి చేయాలి," అన్నాడు. "మళ్లీ చేయాలంటే ఎథిక్స్ కమిటీకి రాయాలి. నలభై ఎనిమిది ఎలుకలు ఎందుకు వృథా అయ్యాయి, ఎవరి పొరపాటు అని అడుగుతారు. ఎవరి పేరుంటే వాళ్లని ఏడాదిపాటు ఎలుక మీద చెయ్యి వెయ్యనివ్వరు."

"తెలుసు."

"నీకున్నది పది నెలలు."

"లెక్క నాకూ వచ్చు."

అతను పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టాడు. "ఇరియా కొత్త మనిషి. పరీక్ష ఏ వేళకి పెట్టాలో అనుభవం లేక పొరబడింది అని రాస్తే కమిటీ పెద్దగా పట్టించుకోదు. చిన్నపిల్ల, ముందు బోలెడు జీవితం ఉంది. సర్దుకుంటుంది."

"ముందు జీవితం ఉన్నవాళ్ల పేరే రాస్తామా పాడైన పనికి? ఏం న్యాయం ఇది?"

"నీ కోసమే అంటున్నాను. మొన్న నీ చేతుల్ని అనుమానించాను, తప్పే. ఆ ముళ్లు అద్భుతంగా ఉన్నాయి. తర్వాతి విడత కూడా నువ్వే కట్టాలి."

ఏ మాట కోసం ఆమె ఇన్ని రోజులుగా నిద్ర పాడుచేసుకుందో ఆ మాట ఇప్పుడు చెప్పాడు, సన్నాసి. ఫినాకి ఏడుపొచ్చింది, ఏడవలేక ఇంకా కోపమొచ్చింది.

"బాణసంచా పేలినప్పుడు నువ్వూ నా పక్కనే నిలబడ్డావు," అంది. "చప్పట్లు కొట్టావు. నీ పేరు కూడా రాయనా?"

ఒనోఫ్రె కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బయట చూడటానికి ఏమీ లేదు, ఎదుటి మేడ గోడ తప్ప.

"కాగితం ఇలా ఇవ్వు," అంది ఫినా. "నువ్వు రాస్తే పద్యంలా రాస్తావు."

తనే రాసింది. పరీక్ష వేళలు మార్చింది ఫలానా ఉద్యోగిని. గదిలో శబ్దం మామూలే అని రోజూ నమోదు చేసిందీ ఆవిడే. జంతువులు బెదురుతున్నాయని పరిశోధక విద్యార్థిని ముందే చెప్పినా పట్టించుకోలేదు. ఆ చివరి వాక్యం అక్కర్లేదన్నాడు ఒనోఫ్రె. అక్కర ఉందని ఆమె దాని కింద గీత గీసింది. సంతకం చేసి, ఇంటికెళ్లి, సూదుల డబ్బా అల్మారా పైఅరలోకి విసిరేసింది.

కమిటీ జూన్‌లో ఒప్పుకుంది, చెప్పినట్టే ఆమె చెయ్యి పక్కకి పెట్టమంది. ఆసుపత్రి సర్జన్ వచ్చి రెండు ఎలుకల్ని చంపి, ఇది మనుషుల డాక్టరు చేసే పని కాదని వెళ్లిపోయాడు. అందుకని సెప్టెంబరులో భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని బల్ల ముందు నిలబడింది ఇరియా. పక్కన ఫినా, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని. నోటితో చెప్పవచ్చు, ముట్టుకోకూడదు.

"నాళం కింద నుంచి దారం తియ్యి. మెల్లగా. అది నరం, దాన్ని వదిలెయ్. నాళం దాని పక్కది."

"ఇదా?"

"అదే. ఇప్పుడు మెలిక వెయ్యి. అటు కాదు, నీ వైపుకి. నీ వైపంటే ఎలుక తోక వైపు కాదు. దేవుడా, కుడి చెయ్యి ఏదో తెలుసా నీకు?"

"తెలుసు. మీరు ఒక్కసారి చూపిస్తే..."

"చూపించకూడదు. చెబుతున్నాను కదా, విను. రెండో మెలిక. ఇప్పుడు బిగించు."

"ఎంత?"

ఎంత అంటే ఫినా ఏం చెబుతుంది? ఇరవై ఆరేళ్లుగా వేళ్లకి తెలిసిన సంగతి అది, నోటికెప్పుడూ చెప్పలేదు. నాళం తెగబోయే ముందు దారం కొంచెం బరువెక్కుతుంది. అక్కడ ఆగాలి. అది చెబితే ఇరియాకి అర్థమవుతుందా? చెప్పింది. ఇరియా అర్థం కాలేదనలేదు, తలా ఊపలేదు. ఊపిరి బిగబట్టి, దారం రెండు కొసలూ లాగింది.

"ఇంకా," అంది ఫినా. "ఇంకొంచెం. కొంచెమే."

"బరువెక్కింది."

"ఆగు."

ఇరియా ఆగింది. ముడి పక్కనే పట్టకారుతో నాళాన్ని కదిపి చూసింది. ఫినా ముందుకి వంగింది, కానీ భూతద్దాలు లేని ఆమె కంటికి ఎర్రటి తడి తప్ప ఏమీ కనబడలేదు. ముడి ఎలా పడిందో ఇంకొకరిని అడగడం ఆమెకి అదే మొదలు.

"ఎలా ఉంది?"

"జారడం లేదు," అంది ఇరియా.

ఫినా జేబులోంచి చెయ్యి తీయబోతే రాలేదు. లోపలి గుడ్డ రెండు వేళ్లకీ మెలికలు తిరిగి బిగుసుకుపోయి ఉంది. విసుక్కుంటూ దాన్ని విప్పుకుని, "ఇంకో ముడి వేసి, మధ్యలో కత్తిరించి కుట్టెయ్. రెండో ఎలుకని తీసుకురా," అంది.